లండను నగరమున నొక దినము

గత వేసవిలో బంధువుల యాహ్వానముపై మేము లండను నగరమునకుఁ బోయి పండ్రెండు దినము లుంటిమి. మా వెంట మా యన్నగారి కుమార్తె, పదునాఱేండ్ల బాలిక, వచ్చినది. బంధుదర్శనములతోడను విందులతోడను మాకుఁ బ్రొద్దు గడచుచుండెను గాని, పిల్ల విసుగు చెందెను. కావున నొక దినమంతయు నామె యిచ్ఛకే విడిచి, ఎక్కడికిఁ బిలిచిన నక్కడికిఁ బోవుదుమని మే మిరువురము నొప్పుకొంటిమి. ఆ రాత్రియే యామె కాగితముపై తొమ్మిది చోటుల పేరులు వ్రాసి తెచ్చెను. మా వారు చూచి నవ్వి, "ఇన్నియుఁ జూచుటకుఁ బుష్పకము కావలయునమ్మా!" అనిరి.

పుష్పకమునకు మాఱుగా మాకు నేల క్రింది రైలు లభించినది. 1863వ సంవత్సరమున మొదలైన యీ మార్గము ఇట్టివానిలో ప్రపంచమున మొట్టమొదటిది. కదలుమెట్లపై నిలిచి పాతాళమునకు దిగుచుండఁగా, కుచ్చెళ్లు మెట్ల సందులఁ జిక్కునేమో యని మేము వానిని పైకెత్తి పట్టుకొంటిమి. అక్కడివారందఱును గుడిప్రక్క నొదిఁగి నిలిచి, తొందరపడువారికి నెడమప్రక్క దారి విడుతురు. ఎవరును జెప్పకయే జరుగు నీ మర్యాద మాకు మిక్కిలి నచ్చినది.

మొదట లండను కోటకుఁ బోయితిమి. దీని నడుమనున్న తెల్లని బురుజును విలియమను రాజు పదునొకండవ శతాబ్దమునఁ గట్టింప నారంభించెను. కోటలోని నల్లని మాలకాకులను జూచి మా వారు సంతసించిరి గాని, మా మనస్సు జేన్ గ్రే యను రాచకన్య కథపై నిలిచినది. తొమ్మిది దినములు రాణియై, 1554వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో నీ కోటలోనే శిరచ్ఛేదము పొందిన యా బాలికకుఁ బదునేడేండ్లకు మించి లేవు. గ్రీకు భాషలోఁ బ్లేటో గ్రంథములు చదువుకొన్న విదుషి. పెద్దలు తమ రాజ్యకాంక్షచే నామెను సింహాసన మెక్కించిరి. శిక్ష మాత్ర మామె తలపైఁ బడినది. మా పిల్ల యచటఁ జాలసేపు మాటాడలేదు.

పిదప రాజాభరణములు చూపు మందిరము. వరుసలో నిలిచి నిలిచి లోనికిఁ బోఁగా, కిరీటముల యెదుట నేలయే కదలుచుండును! దానిపై నిలిచినవారు తమంతఁ దామే ముందునకుఁ ద్రోయఁబడుదురు. ఒక కిరీటమునఁ గోహినూరు వజ్ర మున్నది. 1849వ సంవత్సరమునఁ బదేండ్ల బాలుఁడైన దులీపుసింగు మహారాజునుండి యాంగ్లేయులు దీనిని గైకొనిరి. నూటయెనుబదియాఱు కేరట్లున్న దానిని 1852లో సానపట్టి నూటయైదు కేరట్లకుఁ దగ్గించిరి. మన కృష్ణాతీరపుఁ గొల్లూరు గనులలోనే యిది పుట్టినదని పలువుర విశ్వాసము. నిశ్చయమైన యాధారము లేదు. ఆ గనులను జూచిన టావెర్నియేయను ఫ్రెంచి వర్తకుఁడు, అచ్చట నఱువదివేలమంది పనిచేయుచుండి రనియు, పురుషులు త్రవ్వఁగా స్త్రీలును బిల్లలును మన్ను మోయుచుండి రనియు వ్రాసెను. కొల్లూ రిప్పుడు పులిచింతల జలాశయములో మునిఁగినది. ఇవన్నియుఁ దలఁచుకొను లోపలనే నేల మమ్ము దాఁటించినది. పిల్ల మరల వరుసలో నిలిచి రెండవమా ఱు చూచి వచ్చి, "ఇంతేనా?" అనెను.

మధ్యాహ్నము థేమ్సు నదియొడ్డున నొక బల్లపైఁ గూరుచుండి, వెంటఁ దెచ్చుకొన్న పెరుగన్నమును మాగాయయు భుజించితిమి. సన్నని తుంపర పడుచునే యుండెను. ఒక చేత గొడుగు, ఒక చేత నన్నము. తరువాత నెఱ్ఱని రెండంతస్తుల బస్సు నెక్కి, సెంటుపాల్ దేవాలయపు గుమ్మటమును గిటికీలోనుండియే చూచితిమి. పట్టికలోని చోటులు కొన్ని యిట్లే దాఁటిపోయినవి.

బ్రిటిషు ప్రదర్శనశాలకుఁ జేరునప్పటికి మూఁడు గంటలైనది. ప్రవేశమునకు రుసుము లేదు. పిల్ల ఈజిప్టు శవపేటికలను జూడఁగోరెను. అవి చూచిన పిమ్మట, మా వారు మమ్మొక యద్దపు గోడ యెదుటికిఁ దీసికొనిపోయిరి. లోపల అమరావతి స్తూపపు శిలలు!

అచ్చట జనులు మిక్కిలి తక్కువ. తరుముటకుఁ గదలు నేల లేదు. పలనాటి సున్నపుఱాతిపైఁ దామరలును, స్తంభములును, వంగి నమస్కరించు స్త్రీలును. ఒక ఫలకమున మాయాదేవి స్వప్నము, పండితులు దాని ఫలము చెప్పుట, శిశుజననము, శిశువును యక్షుని గుడికిఁ దీసికొనిపోవుట, నాలుగును జెక్కఁబడినవి. శిశువు మాత్ర మెచ్చటను గానరాఁడు. దేవతలు పట్టుకొన్న వస్త్రముపై నతని చిన్ని యడుగుల జాడలున్నవి. కృష్ణాష్టమినాఁడు వాకిటనుండి దేవునిగదివఱకు మనము పిండితో వేయు పాదములను జూచినట్లే మాకుఁ దోఁచినది. వేఱొక శిల కిరుప్రక్కల శిల్పమున్నది: క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున నొక ప్రక్క చెక్కి, మూఁడవ శతాబ్దమునఁ ద్రిప్పి రెండవ ప్రక్క స్తూపమునే చెక్కిరఁట. పొదుపెఱిఁగిన శిల్పులు!

"అత్తయ్యా, వీరు మన ఱాళ్ల నెత్తుకొని వచ్చిరి గదా?" యని పిల్ల కోపముతో నడిగెను.

మా వారు నెమ్మదిగాఁ జెప్పిరి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారు అమరావతిలోఁ బట్టణము గట్టించు కాలమున జనులు దిబ్బను ద్రవ్వి ఱాళ్లు గొనిపోయిరి. కొన్నిటిని గాల్చి సున్నము చేసిరి. మెకంజీదొర మొదట 1797 ప్రాంతమున వచ్చి చూచి, మరల 1816లో వచ్చునప్పటికి స్తూపము నడుమఁ జెఱువు త్రవ్వఁబడి యుండెను. 1845లో ఇలియటుదొర త్రవ్వించిన శిలలు మద్రాసులోఁ బెక్కేండ్లు పడియుండి, 1859లో నిచ్చటికిఁ బంపఁబడినవి. ఎగుమూరు ప్రదర్శనశాలలో నున్నవి వేఱు.

"మన వారు పాడుచేసినది నిజమే, మామయ్యా. అంతమాత్రమున వీ రడిగి తీసికొన్నట్లగునా?"

ఇద్దఱమును బదులు చెప్పలేకపోయితిమి. సున్నము గావలసినది నిలిచినదను సంతోషమును, పరుల యింట నిలిచినదను దుఃఖమును మాలో నొక్కటిగాఁ గలసి యుండెను. అయిదు గంటలకుఁ గావలివారు వచ్చి తలుపులు మూయుచున్నామని చెప్పువఱకును పిల్ల యా చిన్ని పాదముల యెదుటనుండి కదలలేదు.

తిరిగి వచ్చుచు రైలులో నామె పట్టిక తీసి చూచెను. తొమ్మిదింట నాలుగే చూచితిమి. దానిని మడిచి సంచిలోఁ బెట్టి, "అమరావతి మన గుంటూరునకు నెంత దూరము?" అని యడిగెను.

ఇరువది మైళ్లంటిమి. శివరాత్రికిఁ గృష్ణలో స్నానముచేసి అమరేశ్వరుని దర్శించుట మాకు బాల్యమునుండియుఁ గలదు. స్తూపమున్న దిబ్బను దీపాలదిన్నె యందురు; గుడికి దూరము కాదు.

"మీరు చూచితిరా?"

మేము చూడలేదు. ఇరువదేండ్లుగా బడిపిల్లలకుఁ జరిత్ర చెప్పుచున్న మా వారు రైలు కిటికీవైపు ముఖము త్రిప్పుకొనిరి. అది నేల క్రింది రైలు. కిటికీ వెలుపల గోడ తప్ప వేఱేమియు లేదు.