వెన్న, ఎండ, ఆదివారం

బేకింగ్ పుస్తకాలు నేను రాత్రి పడుకునే ముందు చదువుకుంటాను, పొయ్యి దగ్గర కాదు. రోజ్ లెవీ బెరన్‌బామ్ 1988లో తెచ్చిన 'ది కేక్ బైబిల్' అంటే మరీ ఇష్టం. కప్పుల కొలతలతో పాటు తూకాలూ ఇచ్చిన పుస్తకం. కప్పులో మైదా కుక్కితే ఒక లెక్క, పైనుంచి జల్లితే ఇంకో లెక్క. తూకానికి ఆ పేచీ లేదు.

అయితే అమెరికాలో రాసిన పుస్తకం హైదరాబాద్ మే నెలను ఎరగదు. వెన్న గది వేడికి రావాలంటుంది. వాళ్ల గది 20 డిగ్రీల చుట్టుపక్కల. మన గదిలో అది కాసేపటికే నూనై కూర్చుంటుంది. నేను బేకింగ్ క్లాసుకు వెళ్లేది ఇందుకే. టీచర్ వెన్నను వేలితో నొక్కి చూపిస్తారు: గుంట పడాలి, వేలి మీద జిడ్డు మెరవకూడదు. అలాంటి వెన్నను చక్కెరతో గిలక్కొడితేనే, పలుకులు గాలిని లోపలికి లాక్కెళ్తాయి. బేకింగ్ పౌడర్ ఆ బుడగల్ని పెంచుతుందే గానీ కొత్తవి పుట్టించదు. ఇది తెలిశాక కేకుని చూసే చూపే మారింది.

ఆదివారం బ్రంచ్ సంగతి వేరు. జూబ్లీహిల్స్ కెఫేల్లో అందరూ ఫొటోలు తీసుకుంటుంటే, నేను క్రోసాంట్‌ను అడ్డంగా కోసి పరీక్ష పేపరు దిద్దినట్టు పొరలు చూస్తాను. గళ్లు విడివిడిగా ఉంటే మడతలు కుదిరినట్టు. ముద్దగా ఉంటే వెన్న పిండిలో కలిసిపోయినట్టు. బిల్లు వచ్చాక మాత్రం చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ గుర్తొస్తాయి. ఆ ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్‌ని ఇంట్లో చేయాలని ఎందుకో ఎప్పుడూ అనిపించలేదు.