సొరబుర్ర మీద కాల్చిన పూలు

వేసవి వచ్చిందంటే హైదరాబాద్ హోటళ్లలో శీతల పానీయాలకు సింగారం మొదలవుతుంది. గ్లాసు అంచున నిమ్మచెక్క, పైన పుదీనా రెమ్మ, పుల్లకు గుచ్చిన బుల్లి కాగితం గొడుగు. తాగేముందు వాటిని తీసి పక్కన పెట్టేస్తారు. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న సుక్మా జిల్లాలోనూ ఎండాకాలపు పానీయానికి అలంకారం ఉంది. కాకపోతే దాన్ని తీసి పారేయడం కుదరదు. అది పాత్ర మీదే కాల్చి ఉంటుంది.

భద్రాచలం, చింతూరు మీదుగా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి కోంటా దగ్గర ఛత్తీస్‌గఢ్‌లో అడుగు పెడుతుంది. అక్కడి నుంచి దోర్నపాల్, సుక్మా దాటి జగదల్‌పూర్ వైపు సాగిపోతుంది. కోంటాలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ గోండి, ధుర్వా, హల్బీ మాటలు. భాష మారినా, 40 డిగ్రీలు దాటే ఎండల్లో అడవికి వెళ్లేవారి వెంట కనిపించే పాత్ర మాత్రం మారదు. అది ఎండిన సొరకాయ బుర్ర. బస్తర్‌లో దాన్ని తుంబా అంటారు.

అందులో ఉండేది నీళ్లో, జీలుగు కల్లో, లేదంటే మండియా పేజ్. ఈ పేజ్ మన రాగి అంబలికి దగ్గరి చుట్టం. రాగిపిండిని రాత్రి నానబెట్టి పులియనిస్తారు. ఉడుకుతున్న నూకల్లో దాన్ని కలిపి కాచి, చల్లార్చి, నీళ్లతో పల్చన చేస్తారు. ఇప్పపువ్వు ఏరడానికో, తునికాకు కోయడానికో తెల్లవారకముందే బయల్దేరే కుటుంబాలకు దాహం తీర్చేదీ, కడుపు నింపేదీ అదే. తాగడానికి ఆకు దొప్ప చాలు.

నంజుకోవడానికి చాప్‌డా ఉంటుంది. చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల్ని గుడ్లతో సహా ఉప్పు, మిరపకాయలు వేసి నూరిన పచ్చడి ఇది. నగరంలో నిమ్మచెక్క ఇచ్చే పులుపును ఇక్కడ చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం ఇస్తుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో చేసే ఇలాంటి పచ్చడికే 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇక బుర్ర సంగతి. సొరకాయను కోయకుండా తీగ మీదే బాగా ముదరనిస్తారు. ఎండాక మెడ దగ్గర రంధ్రం చేసి లోపలి గుజ్జు, గింజలు తీసేస్తారు. ఆ తర్వాత నిప్పుల్లో కాల్చిన కత్తి మొనతో తొక్క మీద పూలు, ఆకులు, పక్షులు, జింకలు, గళ్లు గీస్తారు. వేడి తగిలిన చోట గోధుమరంగు తొక్క నల్లబడుతుంది. రంగు పూసే పని లేదు, వెలిసిపోతుందన్న బెంగా లేదు. మందపాటి పెంకు లోపలున్న దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది.

ఈ అలంకారానికి ఒక షరతుంది. పాదు పెట్టినవాళ్లు కాయ ఎండేదాకా అదే ఇంట్లో ఉండాలి. సుక్మాకు చాలాకాలం ఆ భాగ్యం లేకపోయింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక, అప్పట్లో దంతెవాడ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కొందరు దోర్నపాల్, ఎర్రబోర్ శిబిరాలకు చేరారు. వేలాదిమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మావోయిస్టులపై పోరుకు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. 2012 జనవరిలో సుక్మా విడి జిల్లా అయింది. అయినా 2010లో 76 మంది బలైన తాడ్‌మెట్ల, 2017లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మరణించిన బుర్కాపాల్ పేర్లతోనే దేశానికి ఈ నేల గుర్తుండిపోయింది.

బలగాల కాపలాలో వేసిన రోడ్ల మీద ఇప్పుడు మరో పోటీదారు వస్తోంది. అది ప్లాస్టిక్ సీసా. చవక, తేలిక, కింద పడితే పగలదు. దానికోసం ఒక పంటకాలం ఆగనక్కర్లేదు. బరువు మోస్తూ మైళ్లు నడిచే మనిషి దాన్ని ఎంచుకుంటే తప్పు పట్టలేం. మరోవైపు కొండగావ్, జగదల్‌పూర్ ప్రాంతాల చేతిపని వారు తుంబాకు చిల్లులు పొడిచి, లోపల బల్బు పెట్టి దీపాలుగా అమ్ముతున్నారు. నగరాల డ్రాయింగ్ రూముల్లో వాటికి గిరాకీ ఉంది. చేతిపనికి అదొక బతుకుదెరువే.

కానీ దీపంగా మారిన బుర్ర దాహం తీర్చదు. తుంబాలో పేజ్ నిండాలంటే గుడిసె పక్కన సొరపాదు ఉండాలి, అది ఎండేదాకా ఆ గుడిసెలో మనుషులుండాలి. సుక్మాలో శాంతి ఎంతవరకు వచ్చిందో లెక్కగట్టేవారు రోడ్ల కిలోమీటర్లతో పాటు ఇంటి కప్పుల మీద ఎండుతున్న సొరకాయలనూ ఒకసారి చూడాలి.