చీకట్లో దొరికే టార్చి

ఎడిటర్ గారు నన్ను పంపింది ఎర్రగడ్డ ఆదివారం సంత మీద రాయమని. "ఎర్రగడ్డ పోతున్నా" అనగానే ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మానసిక వైద్యశాల ఉన్న పాపానికి ఆ పేట ఎన్ని తరాలుగానో ఈ జోకు మోస్తోంది. ఆ చుట్టుపక్కలే ఛాతీ ఆసుపత్రి ఉంది, రైతు బజారు ఉంది, 2017 నవంబరు నుంచి మెట్రో స్టేషన్ కూడా ఉంది. వాటి మీద మాత్రం ఎవరూ జోకులు వేయరు.

సంత సంగతి ఇక్కడ రాయబోవడం లేదు. పాత ఫోన్లు, పాత బూట్లు, స్పానర్లు, మూత లేని మిక్సీ జార్లు హైదరాబాదు వాళ్లకు కొత్త కాదు. నేను ఒక్క పట్టా దగ్గర ఆగిపోయాను. మధ్యాహ్నం ఆ పట్టా మనిషి వెంట ప్రేమ్‌నగర్ వైపు ఒక గల్లీలోని గదికి వెళ్లాను. సంత ఏమైందో మళ్లీ చూడలేదు.

పట్టా నిండా టార్చీలే. ఎవరెడీ ఇత్తడివి, గీప్ అల్యూమినియంవి, తలకు కట్టుకునే చైనావి. ఒక మూల పౌడరు డబ్బా మూతలో పాలిపోయిన తెల్లటి రింగులు, వేలి గోరంత రబ్బరు టోపీలు ఉన్నాయి. వాటి మీదే గొడవ జరుగుతోంది. రైతు బజారులో ఆకుకూరలు దించి వచ్చినట్టుంది ఆమె, చీర కుచ్చిళ్లకు ఇంకా తోటకూర ఆకులు అంటుకుని ఉన్నాయి.

"ఏందన్నా, పోయినసారి ఇచ్చిన టోపి రెండు దినాలకే సచ్చిపాయె."

"టార్చి యాడ వెట్టినవక్కా?"

"సంచిల."

"సంచిల వెడ్తే దానికి ఎలుతురు యాడికెల్లొస్తది? పగలు బయట వెట్టు. అది తిన్నదే కక్కుతది."

ఆమె నమ్మలేదు. ఆయన వాదించలేదు. ఆమె టార్చి వెనక స్విచ్చు మీదున్న టోపీకి ఇంకో టార్చి వెలుగు అర నిమిషం చూపించాడు. పక్కనున్న చెప్పుల డబ్బాలో పెట్టి మూత వేశాడు. డబ్బాకు ఒక పక్కన కన్నం ఉంది. ఆమె కన్ను ఆనించి చూసింది, తర్వాత నేను చూశాను. నల్లటి చీకట్లో గుండ్రంగా, చల్లగా, ఆకుపచ్చగా వెలుగు. ఆమె ఏమీ అనకుండా టార్చి తీసుకుని వెళ్లిపోయింది. ముప్పై రూపాయల సరుకు మీద అంత ఓపికగా జవాబు చెప్పే మనిషిని నేను షోరూముల్లో చూడలేదు.

పేరు రాయొద్దన్నాడు. రాస్తే పెళ్లి స్టేజీలకు మెరిసే అక్షరాలు చేసిపెట్టమని జనం వెంటపడతారట. సంతలో అందరూ ఆయన్ని రేడియమన్న అంటారు. బండి నంబరు ప్లేటు మీది స్టిక్కరును కూడా రేడియమే అనే ఊరు మనది, కాబట్టి కంగారు పడక్కర్లేదు. అసలు రేడియం కథ వేరు. న్యూజెర్సీలోని ఆరెంజ్ అనే ఊళ్లో 1917 నుంచి గడియారాల ముఖాలకు రేడియం రంగు పూసిన అమ్మాయిలు, కుంచె మొన సన్నబడాలని పెదాల మధ్య పెట్టి తిప్పేవారు. వాళ్లలో పలువురు దవడ ఎముకలు కుళ్లి చచ్చిపోయారు. అయిదుగురు కోర్టుకెక్కాక 1928లో కంపెనీ రాజీకి దిగింది. ఈయన వాడేది స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో రేడియోధార్మికత లేదు. నేనున్నప్పుడే ఒక కాలేజీ కుర్రాడు వచ్చి, రేడియోధార్మికత ఉన్న ట్రిటియం గొట్టాలు తెచ్చిస్తే టార్చిలో పెడతావా అని అడిగాడు. "అది నా పని గాదు తమ్మీ, అసుంటియి నా దగ్గరికి తేకు" అని పంపేశాడు.

గది చిన్నది. కిటికీ గూట్లో హార్లిక్స్ సీసా, అందులో పొడి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లపొడి. సీసా అడుగున చెప్పుల డబ్బాల్లోంచి ఏరిన సిలికా జెల్ పొట్లాలు. నీళ్లు తగిలితే ఈ పొడి పాడైపోతుంది, వానాకాలం గాలి చెమ్మ కూడా పడదు. ఆయనకు ఆ రసాయనం పేరు పలకడం రాదు, పొడికి ఏది పడదో మాత్రం బాగా తెలుసు.

ఆరాల్డైట్ ట్యూబులు రెండూ కాసేపు చొక్కా జేబులో పెట్టుకుని వెచ్చబరిచాడు. ప్లాస్టిక్ మూతలో రెండూ సమానంగా పిండాడు. పొడి బరువుకు బరువు పోశాడు. కలపడానికి ఐస్‌క్రీమ్ పుల్ల తీశాడు. పక్కనే స్టీలు చెంచా ఉంటే ఎందుకు వాడలేదని అడిగాను. "పొడి గరుకు సారూ, ఇనుమును గీరుతది. గీరిందంటే మసి వడ్తది, మసి వడ్డంక మెరుపు గుంజుకపోతది." పొడిని మెత్తగా నూరితే ఇంకా నున్నగా వస్తుంది కదా అన్నాను. నా వైపు జాలిగా చూశాడు. నూరితే వెలుగు తగ్గుతుంది. రవ్వ పెద్దదయితేనే ఎక్కువ మెరుస్తుంది.

కలిపాక వెంటనే పోయలేదు. పొడి బరువైనది, పలచటి జిగురులో వేస్తే అడుక్కు దిగిపోతుంది, అప్పుడు రింగు ఒక వైపు మెరిసి ఇంకో వైపు గుడ్డిదవుతుంది. అందుకని జిగురు చల్లారిన అంబలిలా చిక్కబడేదాకా కూర్చున్నాడు. ఫోను చూడలేదు. పుల్ల ఎత్తి జారే తీరు చూశాడు, మళ్లీ దించాడు, మళ్లీ ఎత్తాడు. ఎడమ బొటనవేలి గోరు మీద జిగురు పొర కట్టి ఉంది, ఒక్కోసారి ఆ గోటి మీద చుక్క వేసుకుని గట్టిదనం చూస్తాడు. ఆ చూపు ఎక్కడిదో తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీలో ఫిట్టరు.

అచ్చు కూడా సొంతమే. కిటికీ అద్దాలకు పట్టించే సిలికాన్‌లో మొక్కజొన్న పిండి కలిపి ముద్ద చేస్తాడు. టార్చి అద్దం కింది అసలు రబ్బరు రింగుకు సబ్బునీళ్లు పూసి అందులో అదుముతాడు. ముద్ద బిగిశాక రింగు ఊడదీస్తే గాడి మిగులుతుంది. ఆ గాడిలో జిగురు నింపి, సూదితో బుడగలు పొడిచి, రాత్రంతా వదిలేస్తాడు. స్విచ్చు టోపీకి జిగురు పనికిరాదు, నొక్కితే విరుగుతుంది. దానికి తెల్లటి సిలికాన్‌లోనే పొడి కలుపుతాడు. అది ఆరేటప్పుడు గది నిండా వెనిగర్ పులుపు వాసన. ఇంట్లోవాళ్లు ఆ రోజు తలుపు తీసి వరండాలో పడుకుంటారట. ముక్కుకు కట్టుకునేది చేతి రుమాలు మాత్రమే. ఈ పనికి సరైన మాస్కు కావాలని చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు.

రింగు అద్దం కింద కూర్చుంటుంది కనుక టార్చి వెలిగినంతసేపూ దాని వెలుగే తింటుంది. ఆర్పాక కక్కుతుంది. పొడిలోని యూరోపియం వెలుగు అందుకుంటుంది, డిస్ప్రోసియం ఆ శక్తిని పట్టి ఉంచుతుంది, గది వేడికి అది కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. మొదటి పావుగంట జోరుగా, తర్వాత మసకగా. చీకటికి అలవాటుపడ్డ కంటికి తెల్లవారేదాకా ఆనుతుంది. పాత గుండు బల్బు టార్చిలో ఇది అంత బాగా పనిచేయదు, ఆ పసుపు వెలుగులో పొడికి కావాల్సిన నీలం తక్కువ. తెల్ల ఎల్‌ఈడీలో లోపల ఉండేదే నీలం బుడ్డి. జపాన్‌లో నెమోటో కంపెనీ ఈ పొడి కనిపెట్టిందీ, అక్కడే నకమురా అనే ఇంజనీరు కాంతివంతమైన నీలం ఎల్‌ఈడీ చేసిందీ 1993లోనే. ఆ నీలానికి 2014లో నోబెల్ వచ్చింది. ఆ రెండూ కలిసి ఎర్రగడ్డలో ముప్పై రూపాయలకు దొరుకుతున్నాయి.

డిస్ప్రోసియం పేరు ఈమధ్య పేపర్లలో బాగా వినబడుతోంది. 2025 ఏప్రిల్‌లో చైనా దాని ఎగుమతికి కళ్లెం వేసింది, కార్ల కంపెనీలు దాంతో చేసే మాగ్నెట్ల కోసం గగ్గోలు పెట్టాయి. మన దేశంలో ఇలాంటి అరుదైన లోహాలు దొరికే మోనజైట్ ఇసుక అన్నింటికన్నా ఎక్కువగా ఉన్నది ఆంధ్ర తీరంలో. దాన్ని లెక్కగట్టే అణు ఖనిజాల సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడికి దగ్గర్లో, బేగంపేటలోనే ఉంది. అయితే మన మోనజైట్‌లో ఈ లోహం నామమాత్రమే, కనుక రేడియమన్న సీసా చాలాకాలం పరాయి పొడితోనే నిండాలి.

కొనేవాళ్లెవరు అంటే నేను ఊహించినట్టు సరదా కుర్రాళ్లు కారు. సంగారెడ్డి, జహీరాబాద్ బస్సులు ఈ రోడ్డు మీంచే వస్తాయి. ఆ వైపు రైతులే ఎక్కువ. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చినా అది రోజంతా ఉండేది కాదు, చాలా ఊళ్లలో వంతు అర్ధరాత్రి పడేది. మోటారు పెట్టడానికి చీకట్లో పొలానికి పోయి పాము కరిచో, తడి చేత్తో స్టార్టరు ముట్టుకునో పోయినవాళ్ల కథ ప్రతి ఊళ్లో ఒకటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైంది. అయినా మంచం పక్కన టార్చి పెట్టుకునే అలవాటు పోలేదు. కూరలు తెచ్చేవాళ్లు తెల్లారకముందే లేవాలి. "లేశినంక టార్చి దేవులాడనీకి ఇంకో టార్చి గావాలె గదా సారూ" అన్నాడు ఒకాయన, రెండు రింగులు కొంటూ. ఫోన్ లైటు ఉంది కదా అంటే, ఫోను చార్జింగుకు పక్కింట్లో ఉందన్నాడు.

ఇంత చిన్న అవసరం పెద్ద కంపెనీలకు ఎందుకు పట్టలేదో నాకు అర్థం కాదు. నిప్పో బ్యాటరీలు నెల్లూరు జిల్లాలో పుట్టినవి, ఓబుల్‌రెడ్డి గారు 1972లో జపాన్ వాళ్లతో కలిసి పెట్టిన కంపెనీ అది. టార్చి వాడే పల్లెను అంత దగ్గరగా చూసిన పరిశ్రమ మన నేల మీదే ఉంది. మెరిసే స్విచ్చు టోపీ పెట్టడానికి టార్చికి ఎంత ఖర్చవుతుంది? రేడియమన్న స్టీలు డై చేయించుకుందామని బాలానగర్ షెడ్లలో తిరిగాడు. లక్షల్లో చెప్పారట, పైగా వేలల్లో ఆర్డరు ఉంటేనే. అచ్చులు చేయడం నేర్పే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి అదే బాలానగర్లో ఉంది. దాని గేటు లోపలికి ఈయన వెళ్లలేదు, బయటికి వచ్చి ఈయన్ని అడిగినవాళ్లూ లేరు. అమీర్‌పేటలో జావా నేర్పే బోర్డులు లెక్కకు అందవు. పొడి అడుక్కు దిగకుండా జిగురు ఎప్పుడు పోయాలో నేర్పే బోర్డు ఒక్కటీ లేదు. ఆల్విన్ ఉన్నప్పుడు ఆ విద్య ఫ్యాక్టరీలో తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చేది. 1942లో మొదలై ఫ్రిజ్‌లు, బస్సులు, గడియారాలు చేసిన ఆ సంస్థ తొంభైల్లో ముక్కలైంది. ఫ్రిజ్‌లు వోల్టాస్‌కు వెళ్లాయి, ఫిట్టర్లు ఇళ్లకు వెళ్లారు.

ఆయన అసలు ఫిర్యాదు డై గురించి కాదు. సాయంత్రం ఒకాయన ప్లాస్టిక్ టార్చి తెచ్చాడు, చార్జింగుది, కొత్తది. రింగు వేయమన్నాడు. రేడియమన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు. స్క్రూ లేదు, మర లేదు, అంచులన్నీ కరిగించి అతికేశారు. "ఇగో, గిదేడ ఇప్పాలె? పగలగొట్టాలె. లోపట సెల్లు సస్తే టార్చి మొత్తం చెత్తల ఏయాలె. జీవన్ సాథీ టార్చి మా నాయన కొన్నది, ఇయ్యాలటికి మర తిరుగుతది." అది ఏ కంపెనీదో రాయను, అన్నీ అలాగే ఉన్నాయి. పోయేది మనుషుల చేతి పని అని మనం ఊరికే బాధపడుతుంటాం. చేతులు ఇంకా ఉన్నాయి, ఎర్రగడ్డలో చూసి వచ్చాను. చెయ్యి దూరేందుకు వస్తువులో సందు లేకుండా చేశారు. ఇది ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం, దీన్ని కాలమహిమ అంటే నేను ఒప్పుకోను.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద 2022 జులైలో కమిటీ వేసింది, అదే డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఫోన్లు, బండ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలు అన్నారు. మంచిదే. రెండు వందల రూపాయల టార్చి గురించి అక్కడిదాకా వెళ్లే వినియోగదారుడు ఎవరు? ట్రాక్టరుకు హక్కు అడిగే రైతే రాత్రి మంచం పక్కన ఈ అతుకుల టార్చి పెట్టుకుంటున్నాడు. చేతిలో పట్టుకునే ప్రతి దీపానికీ మూత ఊడాలి, సెల్లు మార్చే వీలుండాలి అని ఒక్క నిబంధన రాస్తే సరిపోతుంది. దానికి కమిటీ కూడా అక్కర్లేదు.

రేడియమన్న ఆదివారాలు పొద్దున్నే పట్టా పరుస్తాడు. మీరు వెళ్లేట్టయితే ఇంట్లో టార్చి ఒకసారి తిప్పి చూసుకుని, మూత ఊడితేనే తీసుకెళ్లండి. మాస్కు కూడా ఒకటి తీసుకెళ్లి ఇవ్వండి.