ఎవరి లడాయి, ఎవరి గల్లా

అమరకోశంలో యుద్ధానికి ఎన్ని పర్యాయపదాలో! ఆయోధనం, జన్యం, సమరం, సంగ్రామం... పండిత శిక్షణ పొందేనాడు అవన్నీ వల్లె వేశాను. ఆ వరుసలో లేని మాట ఒకటి మా నాయనమ్మ దగ్గర ఉండేది. అది లెవీ.

బోధను ప్రాంతపు మా పల్లెలో ఆమె తరంవారికి రెండవ ప్రపంచయుద్ధం "జర్మనీ లడాయి". తుపాకి చప్పుడు విన్నవారు లేరు. అయినా "లడాయి ఎవలదో గని, గల్లా మనది" అనేది నాయనమ్మ. గల్లా అంటే ఇక్కడ డబ్బుపెట్టె కాదు, ధాన్యం. ఉర్దూ నుండి వచ్చిన మాట.

ఆ యుద్ధంలో మన సంస్థానం పేరు నిజంగానే ఆకాశానికెక్కింది. నిజాము విరాళానికి గుర్తుగా బ్రిటిషు వాయుసేన 152వ దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. 1940లో బ్రిటను గగనతల యుద్ధంలో ఆ దళపు స్పిట్‌ఫైర్ విమానాలు పోరాడాయి. దళ చిహ్నంలో నిజాము శిరోభూషణం, దాని క్రింద "నమ్మకమైన మిత్రుడు" అన్న అర్థమిచ్చే ఆంగ్ల నినాదం!

నేలమీది కథ వేరు. 1931లో పూర్తయిన నిజాంసాగరు మంజీర నీటిని మా పొలాలకు తెచ్చింది. ఆ నీటి అండతో 1937లో బోధనులో చక్కెర కర్మాగారాన్ని స్థాపించారు. వరి, చెరకు పండే నేల మాది. 1942లో బర్మా జపాను వశమైంది, అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. దేశమంతటా తిండిగింజలకు కటకట. సంస్థానంలో లెవీ విధించారు. రైతు తన పంటలో నిర్ణయించినంత ధాన్యాన్ని సర్కారు కట్టిన ధరకు అప్పగించాలి. ఊళ్ళో లెక్క తేల్చేది పటేలు, పట్వారీలు. పెద్ద భూస్వాములు తప్పించుకునేవారు, బరువు చిన్నరైతుల మీద పడేది.

మా ఇంట విత్తనాలకని దాచిన వడ్ల కుండను సైతం వంచి కొలిచారట. మరుసటి కారుకు విత్తనం అప్పు తెచ్చి నారు పోశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతులో ఏడుపు ఉండేది కాదు, కోపం ఉండేది. అటువంటి కోపాన్నే ఆంధ్ర మహాసభ ఊరూరా వినిపించింది. తెలంగాణ రైతాంగ పోరాటానికి దారితీసిన కారణాలలో లెవీ ఒకటి.

152వ దళం కథ గ్రంథాలలో పదిలంగా ఉంది. విత్తనాల కుండ కథ మాత్రం దానిని చూచినవారి నోట తప్ప మరెక్కడా లేదు. వారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మీ ఇండ్లలో తొంభై దాటిన పెద్దలుంటే లడాయి ముచ్చట అడగండి. వారి మాటలలోనే వ్రాసి ఉంచండి. పండితుడిని గనుక మరీ చెబుతున్నాను, ఆ మాటలను దిద్దకండి.