ఫ్లూ టీకాలలో ఏది మేలు?

ఉప్పల్, నాచారం ప్రాంతాలలోని నా ఈడువారు తొలకరి వేళ తరచుగా అడిగే ప్రశ్న ఇది. 2009 మే నెలలో మన దేశంలో తొలిసారిగా హైదరాబాదులో నిర్ధారణ అయిన స్వైన్ ఫ్లూ నేడు ఏటేటా వచ్చే ఫ్లూలో భాగమే. టీకాలోనూ దానికి చోటుంది.

పూర్వం వైరస్‌ను నిర్జీవం చేసి, మొత్తంగా ఎక్కించేవారు. పిల్లలకు జ్వరం ఎక్కువగా వచ్చేది. ఆ వైరస్‌ను డిటర్జెంటు వంటి రసాయనంతో ముక్కలు చేస్తే ‘స్ప్లిట్’ టీకా. ఉపరితలంపై ఉండే హీమగ్లూటినిన్, న్యూరామినిడేజ్ ప్రొటీన్లను మాత్రమే వేరుచేసి శుద్ధిచేస్తే ‘సబ్‌యూనిట్’. రెండింటి సాధారణ మోతాదులోనూ ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల హీమగ్లూటినినే ఉంటుంది. రక్షణలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు రకాలను బేరీజు వేస్తూ జూన్ దాటనివ్వకండి. సూది వేశాక రక్షణ ఏర్పడడానికి రెండు వారాలు పడుతుంది. పెట్టెమీద ఈ ఏటి సీజన్ ముద్రించి ఉందో లేదో మాత్రం చూడండి.