కృష్ణమ్మ పుట్టింటికి రెండు సగం టికెట్లు

మన మహారాష్ట్రల ఆడవాళ్లకు ఎస్టీ బస్సుల సగం టికెట్టు అయింది 2023 మార్చిల. అరవై ఐదు దాటిన ముసలోళ్లకు అంతకు ముందు నుంచే సగం ఉన్నది. నాకు అరవై ఆరు, మా ఇంటామెకు అరవై ఒకటి. ఇద్దరం కలిసి ఎక్కితే ఒక్క మనిషి ఖర్చు. ఈ లెక్క నేను చెప్పలేదు, ఆమెనే చెప్పింది. "ఏమయ్యా, ఇద్దరికి కలిపి ఒక్క టికెట్టే కదా, ఇగ ఎందుకు ఆగుతున్నవు?" అన్నది.

ఆగుడు నలభై నాలుగేండ్ల సంది ఉన్నది. 1980ల మా పెండ్లి అయింది. అప్పుడు నేను మిల్లుల బద్లీ. పొద్దుగాల గేటు కాడ నిలబడితే పిలిస్తే పని, లేకుంటే ఇల్లు. తర్వాత పర్మనెంటు అయింది, ఆ తర్వాత మిల్లే మూతపడింది. రావలసిన పైసలు సగం వచ్చినయి, సగం కాయితాలల్ల ఉన్నయి. ఆ మిల్లు పేరు ఇక్కడ వద్దు, మన పేటల అందరికీ తెలిసిందే. తర్వాత సాంచాల మీద టవళ్లు, చద్దర్లు నేసిన. వారం పగలు, వారం రాత్రి. ఆమె ఇంట్ల బీడీలు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలంటే పొద్దున ఆకు నానేసిన కాడి నుంచి రాత్రి కట్టలు కట్టేదాక తల ఎత్తేది లేదు. నేను ఇంటికి వచ్చేసరికి ఆమె ఆకులు కత్తిరిస్తుండేది, నేను లేచేసరికి ఆమె కార్ఖానాల మాలు ఇచ్చి వస్తుండేది. ఇంతమంది పిల్లలు ఎట్ల పుట్టిర్రో అని నేనంటే మా ఇంటామె చేట ఎత్తుతది.

ఇప్పుడు తొందర ఎందుకు వచ్చిందంటే ఆమె కండ్లు. రెండేండ్ల కింద చెక్ చేయిస్తే నీటికాసులు అన్నరు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. ఈ రోగం నొప్పి లేకుంట పక్క చూపును తింటూ వస్తదంట, మనిషికి తెల్వదంట. పోయిన చూపు మళ్ల రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తది అని డాక్టరు చెప్పిండు. దారం చుట్టీ చుట్టీ పోయినయని ఆమె అనుకున్నది. కాదమ్మా, ఇది కంటి లోపలి ఒత్తిడి అన్నడాయన. నలభై దాటినోళ్లు అందరు ఒకసారి ఒత్తిడి చూపించుకోవాలె. మోతిబిందు వేరు, ఇది వేరు. మన దిక్కు ఆడవాళ్లు రెండూ ఒకటే అనుకుంటరు కాబట్టి రాస్తున్న.

కుడి కన్ను ఉన్నప్పుడే చూడాలని ఆమె అడిగింది కాశీ కాదు, తిరుపతి కాదు. కృష్ణ ఎక్కడ పుడతదో చూడాలె అన్నది.

ఆమె పుట్టింది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున. మగ్గాలున్న ఇండ్లు ఓ ఇరవై ఉండేవి ఆ ఊర్ల. పెండ్లిచూపులకు పోయినప్పుడు పుట్టిల తీసుకపోయి ఆ ఒడ్డు చూపించిర్రు నాకు. మా పెండ్లి అయిన మరుసటి ఏడు, 1981ల, శ్రీశైలం డ్యాం నీళ్లు పైకి వచ్చినయి. కర్నూలు జిల్లా, పాలమూరు జిల్లా కలిపి వంద పైన ఊర్లు మునిగినయి. అందుల ఆమె ఊరు ఒకటి. మా అత్తమామలు తలుపులు, దూలాలు బండి మీద వేసుకొని పై ఊరు చేరిర్రు. మొదటి కాన్పుకు పుట్టింటికి పోదామంటే పుట్టిల్లు నీళ్లల్ల ఉన్నది. కాన్పు ఇక్కడనే సోలాపూర్ల చేసినం. అప్పటి నుంచి కృష్ణ పేరెత్తితే ఆమె ముఖం మారేది. పుష్కరాలకు అందరు పోయిర్రు, ఆమె రాను అన్నది. అసొంటి మనిషి ఇప్పుడు అడుగుతుంటే నేను కాదంటనా?

సద్దుల బతుకమ్మ, దసరా అయినాక బయల్దేరినం. వెనక్కి మళ్లే వాన ఉండె ఆ రోజులల్ల. పిల్లలు వద్దన్నరు. వానకాలం సాంచాలు నడపలేదా మేము? డబ్బాల కడక్ రొట్టెలు, పల్లీల కారం పెట్టింది. అవి పది దినాలున్నా చెడిపోవు. కంటి చుక్కల సీసా మాత్రం చల్లగ ఉంచాలంటే తడి గుడ్డల చుట్టి స్టీలు గిలాసల పెట్టినం. బస్సుల డ్రైవరు వెనక పక్క సీటు పట్టిన, కుడి కన్ను కిటికీ దిక్కు ఉండాలని.

పండరిపూర్ కాడ భీమ దాటినం. అక్కడ దాన్ని చంద్రభాగ అంటరు. మన ఊరికి నీళ్లు వచ్చే ఉజని డ్యాం ఈ నది మీదనే ఉన్నది, ఇదీ పోయి రాయచూర్ దిక్కున కృష్ణల కలుస్తది. ఆ మాట చెప్తే, "అంటే నేను తాగుతున్నది కూడ దాని తల్లిగారి నీళ్లేనా" అన్నది. ఆమెకు కోపమో నవ్వో నాకు సమజ్ కాలేదు.

మ్హస్వడ్, దహివడి దిక్కు అంతా కరువు నేల. సజ్జ చేన్లు, గొర్ల మందలు, వాన పడితే పచ్చగ, లేకుంటే రాయి. కోరేగావ్ దాటి సాతారా ఇంకా రాకముందు బస్సు ఒక వంతెన ఎక్కింది. పక్క సీటు మరాఠీ అమ్మ చేతులు జోడించి "కృష్ణామాయి" అన్నది. మా ఇంటామె కిటికీకి ముఖం ఆనించింది. ఎర్రగ, నిండుగ పోతున్నది. దండం పెట్టలేదు, కన్ను తియ్యలేదు.

సాతారాల బస్సు మారినం, వాయి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. అక్కడి నుంచి పసర్ణీ ఘాట్ ఎక్కాలె, పైన పంచగని, ఇంకా పైన మహాబళేశ్వర్. ఘాట్ల సగం దాక వచ్చినమో లేదో బస్సు ఆగింది. ముందట చెట్టు కూలి రోడ్డుకు అడ్డం పడింది. దాంతో పాటు ఎర్రమట్టి, రాళ్లు. అటు బండ్లు అటు, ఇటు బండ్లు ఇటు. వాన అంటే సోలాపూర్ వాన కాదు. మన దగ్గర ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అంటం, ఆ కొండ మీద 5000 దాటుతది. బస్సు టాపు మీద పడుతుంటే నా చెవులకే వినపడ్డది అంటే మీరే అర్థం చేసుకోండ్రి. నలభై ఏండ్లు సాంచాల మోత విన్న చెవులు ఇవి. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంట. సాంచా ఖాతాల పని చేసినోళ్లం అందరం అంతే కదా, చేతులతోనే సగం ముచ్చట.

చీకటి పడింది. డ్రైవరు లైట్లు బంద్ చేసిండు, బ్యాటరీ దిగుతదని. ఇగ పెదవులు కనపడవు నాకు, ఆమెకు ఏమీ కనపడదు. చేయి పట్టుకొని కూర్చున్నది. అరచేతిల వేలితో గీకి గీకి చెప్తున్నది, ఆకలి అయితే ఒక తీరు, నీళ్లకు ఒక తీరు. పెండ్లయిన కొత్తల మా అమ్మ పక్కనే పండుకుంటే చీకట్ల ఇట్లనే మాట్లాడుకునేటోళ్లం. ఆ సంగతి ఆమె మర్చిపోయింది అనుకున్న.

బస్సుల కూర్చున్నోళ్లు డబ్బాలు ఇప్పిర్రు. మరాఠీ అమ్మ జొన్న భాకరి, పచ్చిమిర్చి ఠేచా ఇచ్చింది. మేము కడక్ రొట్టెలు పంచినం. ఒక కాలేజి పిల్లడు మా రొట్టె కొరికి దవడ పట్టుకున్నడు, అందరు నవ్విర్రు. తొమ్మిదికి చుక్కల టైం అయింది. ఆ పిల్లడే మొబైల్ బత్తి పట్టిండు. కండక్టరు ఆమె తల వెనక్కి పట్టుకున్నడు, నేను సీసా వంచిన. ఇంట్ల నా చేయి వణుకుతది, ఆ రోజు వణకలేదు. ఒక్క చుక్క, సరిగ్గా పడ్డది. అంత ఘాట్ల, ఆ వానల, బస్సుల ఉన్నోళ్లంతా చప్పట్లు కొట్టిర్రు. జేసీబీ వచ్చి రోడ్డు తెరిచేసరికి పది దాటింది.

మహాబళేశ్వర్ల రాత్రి ఒక చిన్న లాడ్జి. పరుపు మీద చద్దరు చూసిన, మన సోలాపూర్ చద్దరు అన్నట్టే ఉన్నది బొమ్మ. తిప్పి చూస్తే పేక పలచన, అంచు కూడ మనది కాదు. వేరే రాష్ట్రంల నేసి మన పేరు పెట్టి అమ్ముతున్నరు. నేను తిడుతుంటే, "చలి ఆపుతున్నదా లేదా? పండుకో" అన్నది.

పొద్దుగాల పాత మహాబళేశ్వర్ పోయినం, ఆరు కిలోమీటర్లు. అక్కడ పంచగంగ గుడి. కృష్ణ, కోయ్నా, వెణ్ణా, సావిత్రి, గాయత్రి, ఐదు నదులు అక్కడ పుట్టినయని నమ్మకం. అన్ని ధారలు కలిసి రాతి ఆవు నోట్ల నుంచి పడతయి. కృష్ణ వేరే గుడి ఇంకొకటి దగ్గర్లనే ఉన్నది, కృష్ణాబాయి గుడి అంటరు. అటు జనం తక్కువ. నల్ల రాయి, పాచి, మెట్లు జారుతయి. గుడి ముందు నుంచి కృష్ణ లోయ అంతా కనపడుతదని చెప్పిర్రు. మేము పోయినప్పుడు కనపడింది తెల్ల పొగమంచు ఒక్కటే. మిల్లుల బ్లోరూంల పత్తి ఎగిరినట్టు, కాని ముక్కుల పోదు, దగ్గు రాదు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నాకు పాణం చివుక్కుమన్నది. ఇంత దూరం కన్ను కోసం వస్తే చూడనీకే ఏమీ లేదు.

ఆమె అనుకోలేదట్ల. "ఎవరికీ కనపడుతలేదు కదా, నా ఒక్కదానికేనా" అన్నది. ఇండ్ల అందరు చెయ్యి పట్టి నడిపిస్తరు, అక్కడ నేనే ఆమె చెయ్యి పట్టుకొని నడిచిన, పాచి మెట్ల మీద ఆమె కాలే గట్టి. నీళ్ల సప్పుడు విని ఆవు నోరు ఎక్కడ ఉన్నదో ఆమెనే పట్టుకున్నది. నాకు వినపడలేదు.

ధార మా నల్లా ధార అంత ఉన్నది. ఆమె దోసిలి పెట్టింది. నిండింది, కారింది, మళ్ల పెట్టింది. చాలాసేపు పెట్టింది. తర్వాత నా దిక్కు తిరిగి, పెదవులు నాకు కనపడేటట్టు దగ్గరకు వచ్చి అన్నది, "ఇంతనే ఉన్నది కదయ్యా. ఇది మా ఇల్లు ముంచిందా? దీనికి ఏం తెలుసు పాపం. కట్ట కట్టినోళ్లు ఆపితే ఆగింది." మా మామను తలుచుకొని కొంచెం ఏడ్చింది. ఏడిస్తే కండ్లకు ఒత్తిడి పెరుగుతదేమో అని నాకు భయం. తర్వాత డాక్టరును అడిగితే అట్లేం లేదు, ఏడవనీయండి అన్నడు.

నీళ్లు ఒక సీసాల పట్టింది. ఎందుకంటే చెప్పలేదు. వచ్చేటప్పుడు స్ట్రాబెర్రీ తోటల ఆడోళ్లు వానల వంగి మొలకలు నాటుతున్నరు. పండ్లు ఇంకా రాలేదు, పుట్నాలు కొనుక్కొని దిగినం. దిగేటప్పుడు ఎండ వచ్చింది. పంచగని కింద ఒక మలుపు కాడ పొగమంచు చీలి లోయ కనపడ్డది, ధోం డ్యాం నీళ్లు మెరిసినయి. ఆమె కుడి కన్ను అప్పుడు కిటికీ దిక్కున లేదు. తల మొత్తం తిప్పి చూసింది.

దీపావళి తర్వాత చెకప్ల కుడి కన్ను ఒత్తిడి నిలకడగ ఉన్నదన్నరు. చుక్కలు అవే. ఇప్పుడు ఆ సీసా దేవుని కాడ ఉన్నది. ఎండకాలం డ్యాంల నీళ్లు దిగినప్పుడు మునిగిన ఊర్ల గోడలు పైకి తేలుతయి, సంగమేశ్వరం గుడి తేలినట్టు. ఆ నీళ్లు తీసుకపోయి వాళ్ల ఇంటి అరుగు ఉండే జాగల పోస్తదంట. రైలుకు రాయచూర్ దాక పోవచ్చు, అక్కడి నుంచి బస్సు. తెలంగాణ బస్సుల ఆడవాళ్లకు టికెట్టే లేదు గాని, అక్కడి ఆధార్ కార్డు ఉండాలె. మనది మహారాష్ట్రది, అక్కడ మనం పరాయోళ్లం. పూర్తి టికెట్లు రెండు కొనాలె, కొంట.

కొల్లాపూర్, సోమశిల దిక్కు చుట్టాలున్నోళ్లు మన పేటల చాలామంది ఉన్నరు. నీళ్లు ఏ నెలల బాగ దిగుతయో, ముసలోళ్లు పుట్టి దిగి నడవగలిగే బాట ఏ దిక్కున ఉన్నదో తెలిసినోళ్లు నాకు చెప్పండ్రి. సాయంత్రం ఆరు తర్వాత ఇంటికాడనే ఉంట. కొంచెం గట్టిగ మాట్లాడండ్రి.