శామీర్‌పేట దారిలో బంగారు బడి

సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి కరీంనగర్ రోడ్డెక్కితే తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం దాటాక హకీంపేట. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఆదివారం ఈ దారిన పోయే కార్లన్నీ శామీర్‌పేట చెరువుకో, జింకల పార్కుకో, కట్టమైసమ్మ గుడికో. వాయుసేన విమానం చప్పుడు వినిపిస్తే పిల్లలు కిటికీలోంచి తలలు బయటపెడతారు. ఆ హడావుడిలో ఇక్కడున్న క్రీడా పాఠశాలను పట్టించుకునేవాళ్లు తక్కువే. ఈ బడిలో పెరిగిన ఓ కుర్రాణ్ని మాత్రం ఫోన్‌లో చూసే ఉంటారు!

రాగాల వెంకట రాహుల్. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో, 85 కిలోల విభాగంలో స్నాచ్ 151, క్లీన్ అండ్ జెర్క్ 187... మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. సమోవా లిఫ్టర్ కన్నా 7 కిలోలు ఎక్కువ. అంతకుముందు 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం కూడా అతనిదే. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచినప్పుడు టీవీ చూసినవాళ్లకే ఆ ముచ్చట. ఇప్పుడలా కాదు, ఆట ముగిసిన ఏళ్ల తర్వాతా నెట్‌లో ఆ లిఫ్టులు తిరుగుతూనే ఉంటాయి.

రాహుల్‌ది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. బ్రిటిష్‌వాళ్లు ఎరుకల కుటుంబాల మీద నేరస్థ జాతి అని ముద్రవేసి కూర్చోబెట్టిన ఊరు. ఆ చట్టం 1952లోనే పోయింది. ముద్ర పోలేదు. 1991లో ఒక సినిమా, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'... ఊరి పేరు నెట్‌లో కొడితే ఇప్పటికీ దొంగల కథలే ముందుకొస్తాయి. వాటి మధ్య ఈ కుర్రాడి లిఫ్ట్ కనబడటం చిన్న విషయమేం కాదు.

అయితే, వీడియో చూసి 'మా వాణ్నీ చేర్పిస్తే?' అనుకునే తల్లిదండ్రులు కాస్త ఆగాలి. 1993లో మొదలైన ఈ బడిలోకి తీసుకునేది నాలుగో తరగతిలో. అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పసివాళ్లు! పరుగు, గెంతు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు... ఇన్ని పరీక్షలు నెగ్గినవాళ్లకే హాస్టల్లో మంచం. అమ్మ వండిపెట్టేది మళ్లీ సెలవులకే. వాళ్లలో పతకం దాకా వెళ్లేది కొందరే. మిగిలినవాళ్ల వీడియోలు ఎవరూ తీయరు. ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన బడి కాబట్టే ఎక్కడో బాపట్ల పిల్లాడికి ఇక్కడ చోటు దొరికింది, అదీ అదృష్టమే అనుకోవాలి.

ఈసారి శామీర్‌పేట వెళ్తే, చెరువు కట్ట మీద మొక్కజొన్న కంకి తింటూ పిల్లలకు ఆ వీడియో చూపించండి. క్లీన్ అయ్యాక, జెర్క్‌కి ముందు బరువంతా భుజాల మీద ఆగుతుందే... అక్కడ ఒక్కసారి ఆపండి.